సేవ చేయాలంటే ఉద్యోగం మానేయాలా? ఒక అకౌంటెంట్ ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తొమ్మిదేళ్లుగా ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నారు. పని బాగా వచ్చు, జీతానికి లోటు లేదు, కానీ రోజూ అదే చేసి చేసి విసుగొచ్చింది. పిల్లలకు చదువు చెప్పడమంటే ఇష్టం. ఉద్యోగం మానేసి సొంతంగా ఒక సంస్థ పెట్టాలా, నలుగురిలో నోరు విప్పలేని నాలాంటివాళ్లకి నాయకత్వం చేతనవుతుందా, కొత్తగా ఏదైనా కనిపెట్టేంత తెలివి నాకుందా అని అడిగారు.

వాలంటీర్లను పనుల్లో కుదర్చడం, వాళ్లతో కలిసి పనిచేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన టీచర్లు, అందరూ వస్తుంటారు. అందుకే నాన్చకుండా చెప్తాను. ఉద్యోగం ఇప్పుడే మానకండి. సంస్థ పెట్టకండి. చదువు చెప్పడానికి కూడా తొందరపడకండి. విసుగొస్తోందని మీరంటున్న ఆ లెక్కల పని ఉంది చూశారూ, స్వచ్ఛంద సేవలోకి అన్నిటికంటే తక్కువమంది తెచ్చి ఇచ్చేది అదే.

మీలాగే లెక్కల మనిషి ఒకాయన ఉండేవారు, ఫజ్లే హసన్ అబేద్. చిట్టగాంగ్‌లో షెల్ ఆయిల్ కంపెనీలో ఫైనాన్స్ విభాగం చూసేవారు. 1970 నవంబరులో భోలా తుపాను వచ్చి లక్షలమంది చనిపోయారు. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం. 1972లో ఆయన లండన్‌లోని తన ఫ్లాటు అమ్మిన డబ్బుతో, శరణార్థులుగా వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలు మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయం మొదలుపెట్టారు. అదే బ్రాక్. ఇవాళ ప్రపంచంలోని అతిపెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటి.

చాలామంది ఈ కథను ఇక్కడిదాకా చెప్పి, "చూశారా, అన్నీ వదిలేసుకున్నాడు" అని ఆపేస్తారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది.

1980లో బ్రాక్ ఒక పెద్ద పని తలకెత్తుకుంది. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి పిల్లలు చనిపోతుంటే, ఇంట్లోనే ఉప్పు, బెల్లం, నీళ్లు కలిపి పట్టించడం ప్రతి తల్లికీ నేర్పాలి. మందు కొత్తదేం కాదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు సరిపోకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి తాగించారు. ఆ వైద్యం అందినవాళ్లలో మరణాలు 30 శాతం దగ్గర్నుంచి 4 శాతం లోపుకి దిగాయి. అంటే మందు ఏమిటో తెలుసు. చదువు రాని తల్లికి దాన్ని తప్పు లేకుండా నేర్పడం ఎలాగన్నదే తెలియదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకే ప్రమాదం. అందుకని మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు అని కొలత పెట్టుకున్నారు. నేర్పడానికి వెళ్లిన అమ్మాయి కలిపి చూపిస్తే సరిపోదు, తల్లి తన చేత్తో కలిపి చూపించాలి.

ఇక జీతాల దగ్గరికి రండి. నేర్పేవాళ్లకి ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కన డబ్బు ఇవ్వలేదు. కొన్నాళ్లు పోయాక వేరే మనిషి ఆ ఊరెళ్లి, కొన్ని ఇళ్లు తనే ఎంచుకుని, తల్లులను అడిగి చూసేవారు. వాళ్లకి ఎంత గుర్తుంది, సరిగ్గా కలపగలుగుతున్నారా అన్నదాన్ని బట్టి నేర్పినవాళ్లకి జీతం. మీ భాషలో ఇది శాంపిల్ ఆడిట్ కాక ఇంకేమిటండీ? ఈ పద్ధతి అబేద్ ఒక్కరి బుర్రలోంచే ఊడిపడిందని నేననను. కానీ లెక్కలు తెలిసిన మనిషి నడిపే చోట అలాంటి పద్ధతి పుట్టి నిలబడిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు వెళ్లారు. ఉపన్యాసాలతో అది జరిగేది కాదు.

దగ్గరగా చూసిందే ఒకటి చెప్తాను. మేం పెట్టే రక్తదాన శిబిరాలకు గోడౌన్లలో సరుకు రవాణా చూసే ఉద్యోగి ఒకాయన వచ్చేవాడు. మొదట్లో అందరిలాగే జ్యూస్ ప్యాకెట్లు పంచేవాడు. ఒకరోజు అవి పక్కన పెట్టి, హాలు మూల నిలబడి ఓ అరగంట చూశాడు. పడకలు సగం ఖాళీ. బయట మాత్రం క్యూ, అందులో కొందరు విసుగెత్తి వెళ్లిపోతున్నారు. సమస్య హిమోగ్లోబిన్ పరీక్ష చేసే బల్ల దగ్గర. అక్కడున్నది ఒకే ఒక్క మనిషి. వేలు గుచ్చి పరీక్ష చేయాల్సింది ఆమే, ఫారంలో ఖాళీలు నింపాల్సిందీ ఆమే, "నిన్న రాత్రి మాత్ర వేసుకున్నాను, పర్లేదా" అని అడిగేవాళ్లకి జవాబు చెప్పాల్సిందీ ఆమే. ఈయన ఫారాలన్నీ తీసుకెళ్లి క్యూలో ఉన్నవాళ్లతోనే నింపించాడు. రెండో టెక్నీషియన్‌ని ఆ బల్ల దగ్గరికి మార్పించాడు. తర్వాతి శిబిరానికి వచ్చేవాళ్లకి ముందే టైం స్లాట్లు పంపాడు. ఇదంతా ఒక కాగితం మీద రాసి మాకిచ్చాడు. ఆ కాగితం చూసుకుని, ఆయన రాని రోజున కూడా శిబిరం సాఫీగా నడుస్తోంది.

ఆయన్ని అడిగితే "ఆఫీసులో రోజూ చేసేదే కదా" అంటాడు. నిజమే, ఆఫీసులో అలాంటివాళ్లు పాతికమంది ఉంటారు. మా హాల్లో ఒక్కరూ లేరు. మీ ప్రశ్నకు నా జవాబులో ముప్పాతిక భాగం ఇదే. మీకు మామూలైపోయిన నైపుణ్యం, అది లేని చోటికి వెళ్తే మామూలుగా ఉండదు.

లెక్కల విషయంలో ఇది ఇంకా నిజం. చిన్న సంస్థల్లోకి వెళ్లి చూడండి. రసీదులన్నీ ఒక కవర్లో కుక్కి ఉంటాయి. థర్మల్ పేపరు మీద ప్రింటైనవి ఆడిట్ నాటికి తెల్లకాగితాలైపోతాయి. రెండు వేర్వేరు పనుల కోసం ఇద్దరు దాతలిచ్చిన డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటుంది, సగం వోచర్ల మీద "ఇతర ఖర్చులు" అని రాసి ఉంటుంది. నిజాయతీ లేక కాదు, రాసేవాళ్లు లేక. పిల్లల పుస్తకాలకని వచ్చిన డబ్బులో ఇంకా ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. దాతకి రిపోర్టు ఆలస్యమవుతుంది, రెండో విడత ఆగిపోతుంది, ఆ నెల నుంచి టీచరుకి జీతం ఉండదు. మీరు శనివారం వెళ్లి ముప్పైమంది పిల్లలకు ఎక్కాలు చెప్పొచ్చు, మంచిదే. కానీ మీరు ఏ ఖర్చు ఏ గ్రాంటు కిందికి వస్తుందో విడదీసి రాసే పద్ధతి ఒకటి పెట్టిపోతే ఆ టీచరు ఉద్యోగం నిలబడుతుంది. ఎక్కాలు ఆవిడ మీకంటే బాగా చెప్తుంది.

మరి ఇష్టం సంగతేంటి అంటారా? ఇష్టాన్ని వెంటపడి సేవలో కలపాల్సిన అవసరం లేదు. అమెరికన్ డాక్టర్ వర్జీనియా ఆప్గర్ పేరు వినే ఉంటారు. పుట్టిన నిమిషానికే బిడ్డ గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, ఒంటి రంగు చూసి, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులిచ్చే పద్ధతి ఆమెదే. సర్జన్‌గా శిక్షణ పొంది, ఆ రోజుల్లో ఆడవాళ్లకి సర్జరీలో చోటు దొరకడం కష్టమని పెద్దలు చెప్పడంతో మత్తు వైద్యంలోకి వచ్చారు. 1953లో ఆ స్కోరు అచ్చయింది. అందులో కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. అప్పటిదాకా తల్లి మీదే ఉన్న దృష్టిని ఒక్క నిమిషం బిడ్డ మీదికి తిప్పింది, అంతే. కాన్పు గదుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. ఆమెకి అసలైన పిచ్చి సంగీతం. వయోలా, చెల్లో వాయించేవారు, ఖాళీ సమయంలో ఆ వాద్యాలను స్వయంగా చెక్కతో తయారుచేసేవారు. దాన్ని తీసుకొచ్చి సేవ చేయాలని ఆమె తంటాలు పడలేదు. మీకు చదువు చెప్పడం ఇష్టమైతే మేనకోడలికి చెప్పండి, పక్కింటి పిల్లలకి చెప్పండి. ప్రతి సరదాకీ సమాజం పేరు తగిలించక్కర్లేదు.

అయితే మీ ఇష్టానికి ఒక దారి నాకు కనిపిస్తోంది. చిన్న సంస్థల్లో లెక్కలు రాసేవాళ్లు చాలామంది అకౌంట్స్ చదువుకోనివాళ్లే. వాళ్లకి నేర్పండి. అదీ చదువు చెప్పడమే కదా.

కొత్తగా కనిపెట్టే తెలివి గురించి అడిగారు. ఇన్నొవేషన్ అనగానే ల్యాబులు, పేటెంట్లు, కోట్ల పెట్టుబడి గుర్తొచ్చి భయపడుతున్నారనుకుంటా. చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పోచంపల్లి పద్ధతిలో చీర నేసే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని చేత్తో వేలసార్లు తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మిగారు ఆ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆ కదలికను యంత్రంతో చేయించాలని పట్టుబట్టాడు. ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేసుకుంటూ పోయాడు. చివరి చిక్కుముడి హైదరాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు బాలానగర్‌లో ఇంకేదో పనికి వాడే ఒక యంత్రం కదలిక చూశాక విడిపోయిందట. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఆ భుజం నొప్పి. సమస్యను పుస్తకంలో చదివినవాళ్లకి ఆ చేయి ఏ కోణంలో తిరుగుతోందో తెలియదు. ఇంట్లో కూర్చుని రోజూ చూసినవాడికి తెలుసు.

చూడటం అంటే ఇంకో ఉదాహరణ. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పసిపిల్లల మరణాల మీద పనిచేస్తున్నారు. న్యుమోనియాను పల్లెలోనే పట్టుకోవాలంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి అరవై, ఆపై ఏడాది లోపు బిడ్డకి యాభై, ఆ లెక్క చేరిందంటే అనుమానించాలి. అక్కడి మంత్రసానుల్లో చాలామంది పది పన్నెండు దాటి లెక్కపెట్టలేరు. వేరే ఎవరైనా అయితే "ముందు వాళ్లకి వయోజన విద్య పెడదాం" అనేవారేమో. వీళ్లు పూసలూ, నిమిషంపాటు నడిచే ఇసుక గడియారమూ ఉన్న ఒక చిన్న పరికరం తయారుచేశారు. పది శ్వాసలకొకసారి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్రపూస దాకా వచ్చేస్తే న్యుమోనియా. మనిషిని పరికరానికి తగ్గట్టు మార్చకుండా, పరికరాన్నే మనిషికి తగ్గట్టు చేశారు. తర్వాత పల్లెల్లోని ఆడవాళ్లకే పసికందుల సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. ఆ ఊళ్లలో నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. దంపతులిద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్లే. ఆ చదువును పూసల స్థాయికి దించడానికి నామోషీ పడలేదు. ఆ పని చాలామంది నిపుణులకి చేతకాదు, మా దగ్గరికొచ్చేవాళ్లలో కూడా.

మీ రంగంలో ఆ పూసలేమిటో ఆలోచించండి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనిపించడం చాలా సులువు. అది నేర్చుకున్న అమ్మాయి పెళ్లయి వెళ్లిపోతే మళ్లీ కవర్లో రసీదులే. రంగురంగుల ఫైళ్లూ, ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులూ చాలేమో చూడండి.

నాయకత్వం దగ్గర మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. మైకు పట్టుకుని మాట్లాడటం అందులో చిన్న భాగం. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన దగ్గర టిక్కెట్లు చూసే వాలంటీరుగా పద్నాలుగేళ్ల దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఉంది. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. ఆయనకు టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఈ సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆ తర్వాతి సంగతి తక్కువమంది చెప్పుకుంటారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆమె, పెద్దయ్యాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా పాసై, లా చదివి, రాజ్యాంగసభ దాకా వెళ్లారు. 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో, తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లు తక్కువ కాలంలో మెట్రిక్ పూర్తిచేసేలా తరగతులు నడిపించారు. తను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకుండా దారి వేయడం, వేసిన దారికి నియమాలు పెట్టి అందరికీ ఒకేలా అమలుచేయడం, నాకు తెలిసిన నాయకత్వం ఇదే. "బిల్లు లేనిదే డబ్బు ఇవ్వను" అని అధ్యక్షుడి మొహం మీదే మర్యాదగా చెప్పగలిగే కోశాధికారి ఒకరుంటే ఆ సంస్థ సగం బాగుపడినట్టే. అది మీ వల్ల అవుతుంది, ఆఫీసులో రోజూ చేస్తూనే ఉంటారు.

ఇంకో భాగం, పని పంచడం. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో, ప్రభుత్వ సర్వీసు నుంచి రిటైరయ్యాక, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఆ చేతులతోనే వేల ఆపరేషన్లు చేసిన మనిషి. కానీ అరవింద్ పెరిగింది ఆయన చేతి నైపుణ్యం వల్ల మాత్రమే కాదు. సర్జన్ చేయక తప్పనిది ఏది, వేరేవాళ్లు చేయగలిగేది ఏది అని విడదీశారు. పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి పరీక్షలు, రోగిని సిద్ధం చేయడం, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం వాళ్లకి అప్పగించారు. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుంటే పక్క బల్ల మీద మరో రోగి సిద్ధంగా ఉంటారు. డబ్బు కట్టగలిగేవాళ్లు కట్టినదాంతో కట్టలేనివాళ్లకి ఉచితంగా చూపు వస్తుంది. 1992లో కంటి లెన్సులు కూడా సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు, దిగుమతి ధరలో చిన్న వంతుకే. రిటైరయ్యాక మొదలుపెట్టారన్నది గమనించారా? సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఊరూరా కంటి శిబిరాలు నడిపిన అనుభవమే ఇందులో పెట్టుబడి.

అందుకే ఉద్యోగం మానడం గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగా ఉంటుంది. విసుగు వల్ల మానితే ఆ విసుగు మీతోపాటే వస్తుంది. సేవలో కూడా రోజూ అదే పని, అదే రసీదు, అదే సంతకం. పైగా జీతం ఉండదు, మెచ్చుకునేవాళ్లు తక్కువ, తిట్టేవాళ్లు ఎక్కువ. మీరు పట్టుకున్న పని వారానికి ఒక పూటలో ఒదగనంతగా పెరిగి, అవతలివాళ్లే "మీరు పూర్తిగా వచ్చేయండి" అని అడిగి, ఇంట్లోవాళ్లు జీతం లేని ఏడాదికి లెక్క వేసుకుని ఒప్పుకున్న రోజున మానండి. అప్పుడు నేనే వద్దనను.

సొంత సంస్థ మాటకొస్తే, వద్దు. రిజిస్ట్రేషన్, బోర్డు, చందాలు, వార్షిక నివేదికలు, వీటికే రెండేళ్లు పోతాయి. మీ ఊళ్లో ఇప్పటికే నాలుగు సంస్థలుంటే ఐదోది పెట్టడం కంటే ఆ నాలుగింటి లెక్కలు సరిచేయడం వల్ల మేలు ఎక్కువ.

మొదలుపెట్టడం ఇలా. ముందు మీ కంపెనీ నియమాలు చూసుకోండి. బయట పని, జీతం లేనిదైనా సరే, చెప్పి చేయాలనే చోట్లు ఉంటాయి. హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. తర్వాత ఒక్క సంస్థను ఎంచుకోండి, ఇంటికి దగ్గరలోది. దూరమైతే మూడో నెలకి మానేస్తారు, నేను చూసిన చాలామంది అలాగే మానేశారు. మొదటి రోజు "నేనేం చేయగలను" అని అడక్కండి, మొహమాటానికి ఏదో ఒకటి అప్పగిస్తారు. పోయిన ఏడాది లెక్కలు ఒకసారి చూడొచ్చా అని అడగండి. సిగ్గుపడుతూ కవరు బయటికి తీస్తే అది మీ చోటు. లెక్కలు చూపించడానికే ఇష్టపడకపోతే మంచినీళ్లు తాగి వచ్చేయండి. మొదటి నెల ఏదీ మార్చకండి, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎవరి చేతుల మీదుగా ఎటు పోతోందో చూడండి చాలు. రోజూ రసీదులు పట్టుకునే మనిషితో కూర్చోండి, అధ్యక్షుడితో కాదు. మీరు పెట్టబోయే పద్ధతిని ఆ మనిషి మీరు లేకుండా రెండు నెలలు నడపగలిగితేనే అది నిలిచినట్టు.

కోశాధికారి, ట్రస్టీ, చెక్కు మీద సంతకం, ఇలాంటివి ఇస్తామంటారు. చదువుకున్న అకౌంటెంట్ దొరికాడంటే వారం తిరక్కుండానే ఇస్తారు. మొదటి ఏడాది అవేవీ ఒప్పుకోకండి. పాత లెక్కల్లో ఏముందో పూర్తిగా చూడకముందే సంతకం పెడితే వాటికీ మీరే జవాబుదారీ అవుతారు.